అద్దకం మానెయ్యమనే ముందు: రెప్పల దురదతో వచ్చిన ఒక నేత ఇంటి కేసు

కంటి రెప్పలు ఎర్రబడి, పొట్టు లేచి, దురద పెడుతున్నాయంటూ వచ్చేవాళ్లు నల్లగొండలో మా ఓపీకి కొత్త కాదు. చాలామందికి రెప్ప అంచులు శుభ్రం చేసుకోవడం, వేడి కాపడం, కొన్నాళ్లు చుక్కల మందు సరిపోతాయి. ఈ కేసు రాయడానికి కారణం వేరు. రెప్పల మీద లేచే పొట్టు వల్ల ఒక కుటుంబం చేతిలోని పనినే వదులుకోవడానికి సిద్ధపడింది. ఆ సలహా ఇచ్చినవాళ్లు తప్పుడు మనుషులేమీ కారు. చూడగానే ఎవరికైనా తట్టే కారణాన్నే వాళ్లూ చెప్పారు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ఇల్లు, పని

ఆమెకు నలభై దాటాయి. పాత నల్లగొండ జిల్లాలో చిటికి చీరలు నేసే ఊరు. భర్త మగ్గం మీద కూర్చుంటాడు. మగ్గం ఎక్కేలోపు జరగాల్సిన పనంతా ఆమెదే: ఆసు పోయడం (పోగులను మేకుల చుట్టూ వరసగా తిప్పడం), చిటికి కట్టడం, అద్దకం, కండెలు చుట్టడం. ఆసు ఇప్పుడు యంత్రం మీదే. ఆ యంత్రం తయారుచేసిన చింతకింది మల్లేశం కూడా ఈ ప్రాంతం మనిషే, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం పుణ్యాన ఆమెకు భుజం నొప్పి లేదు. చిటికి, అద్దకం మాత్రం ఇంకా చేతి పనులే.

ఆ పని గురించి తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు కాబట్టి కొంచెం చెప్పాలి. పోగుల మీద డిజైను గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబుల నుంచి కోసిన సన్నటి రబ్బరు పట్టీలతో బిగించి కడతారు, చిటికి అంటే ఇదే. రంగులో ముంచి, ఉతికి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, ఇంకో రంగులో ముంచుతారు. అద్దకం చేసే చోట కాస్టిక్ సోడా, హైడ్రోస్ (సోడియం హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం), వేడి నీళ్ల ఆవిరి ఉంటాయి. హైడ్రోస్ నుంచి వచ్చే ఘాటు వాసనకు ఎవరి కళ్లైనా మండుతాయి. అంటే రబ్బరు, రంగులు, రసాయనాలు అన్నీ ఈమె చేతుల మీదుగానే పోతాయి. ఇలాంటి మనిషి రెప్పల దురదతో వస్తే మొదటి అనుమానం ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు.

వచ్చినప్పటి బాధ

"కండ్ల లోపల ఏం లేదు సారూ, రెప్పల మీదనే. గోకుతుంటే పొట్టు రాల్తది. కొన్ని దినాలు మంచిగనే ఉంటది, మళ్ల ఒకనాడు లేసేసరికి ఉబ్బి ఉంటయ్."

ఏడాదిన్నరగా ఇదే తంతు. మొదట నందివర్ధనం పూలు కళ్ల మీద వేసుకుని పడుకుంది. తర్వాత ఆముదం రాసింది. ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన చుక్కలు కొన్నాళ్లు వేసుకుంది. ఆ తర్వాత మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. "అది రాస్తే రెండు రోజుల్ల మాయం. ఆపితే మళ్లొస్తది" అంది. నేను అన్నిటికన్నా జాగ్రత్తగా విన్న మాట ఇది.

నీళ్ల వల్లేనని బంధువులు అన్నారట. నల్లగొండలో ఏ జబ్బొచ్చినా ముందు ఫ్లోరైడ్ మీదికి పోతుంది, ఆ నీళ్లు ఈ జిల్లాను అంత బాధపెట్టాయి మరి. కానీ ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను దెబ్బతీస్తుంది, రెప్పల మీద పొట్టు లేపదు. చివరగా చూపించుకున్న చోట "రంగులు పడటం లేదు, అద్దకం మానెయ్యండి" అన్నారు. మానేశారు. నూలు బయట అద్దకానికి ఇచ్చారు, ఆ ఖర్చు చీర మీద మిగిలే కాస్తలోంచే పోయింది. రెండు నెలల్లో కొంచెం తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. "అద్దకం మానినా ఇంట్లో రంగు నూలు ఉంటది గద, ఆ గాలి కూడా పడ్తలేదేమో" అని భర్త అన్నాడు. అద్దకం సామాను అమ్మేసి, ఆమెను ఏదైనా దుకాణంలో పనికి పెట్టాలని ఇంట్లో అప్పటికే అనుకుంటున్నారు.

పరీక్షలో కనపడినవి

రెండు కళ్లకూ పై రెప్పలు మందంగా, ముడతలుగా, గోధుమ రంగు తిరిగి ఉన్నాయి. సన్నటి పొట్టు ఉంది. కింది రెప్పల మీద తక్కువ. అయితే రెప్ప అంచులు దాదాపు శుభ్రంగానే ఉన్నాయి. వెంట్రుకల మొదళ్లలో గొట్టాల్లా అంటుకునే పొలుసులు లేవు, కాబట్టి డెమోడెక్స్ పురుగు మీద అనుమానం తగ్గింది. అంచున ఉండే నూనె గ్రంథులు కొంచెం మూసుకున్నాయి. కన్నీటి పొర 6 సెకన్లకే చెదురుతోంది, మామూలుగా 10 సెకన్ల పైన నిలవాలి. కొంత పొడికన్ను ఉందన్నమాట, కానీ అంత పొట్టుకు అది చాలదు. జబ్బు అంచున మొదలై చర్మం మీదికి పాకింది కాదు, చర్మం మీదే మొదలైంది. అక్కడితో బ్లెఫరైటిస్‌ను, అంటే రెప్ప అంచుల వాపును, పక్కన పెట్టి కాంటాక్ట్ డెర్మటైటిస్ వైపు తిరిగాను. అంటే ఏదో పదార్థం తగిలి వచ్చే చర్మపు వాపు.

రెప్పల దగ్గర ఆగిపోకుండా తల, చెవులు, మెడ, మోచేతి మడతలు, చేతులు చూశాను. కంటి డాక్టరు దగ్గరికొచ్చిన మనిషి చెవుల వెనక ఎందుకు చూపించాలో ఆమెకు అర్థం కాలేదు, ఓపిగ్గా కూర్చుంది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, చెవుల పైఅంచున, మెడ వెనక పాత మచ్చల్లా కొంచెం నల్లదనం ఉంది. మోచేతి మడతలు, మెడ ముందు భాగం, గడ్డం కింద చర్మం బాగున్నాయి. రోజంతా రబ్బరు పట్టీలు పట్టుకునే వేళ్లు మొద్దుబారి ఉన్నాయి గానీ దురద, పగుళ్లు లేవు.

కంటి ప్రెషర్ కుడి కంట 26, ఎడమ కంట 25. మామూలుగా 21 దాటకూడదు. కంటి నరం, కటకం బాగున్నాయి. ట్యూబు తెప్పించి చూశాను: బీటామెథసోన్ అనే స్టెరాయిడ్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన క్రీమ్. స్టెరాయిడ్ రెప్పల మీద రాసినా నెలల తరబడి రాస్తే కంటి ప్రెషర్ పెరగవచ్చు. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పల్చనిది, సుమారు అర మిల్లీమీటరు. పైన రాసింది తేలిగ్గా ఇంకుతుంది.

అనుమానితులు

ముందు అద్దకం సంగతి. హైడ్రోస్ ఆవిరి వల్ల కళ్లు మండుతాయని ఆమే ఒప్పుకుంది, కానీ బయటికొస్తే ఆ మంట పోతుందట. మండించే రసాయనం అప్పటికప్పుడే పని చేస్తుంది, అదే గదిలో ఉన్న మిగతావాళ్లనూ ఎంతో కొంత బాధపెడుతుంది. భర్తకు, మరిదికి ఏమీ లేదు. ఎలర్జీ అయితే ఒక్కరికే రావచ్చు నిజమే. అప్పుడు మాత్రం తగిలిన ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. ఒంటిని కాపాడే టి కణాలు గుర్తుపట్టి దండెత్తడానికి 24 నుంచి 72 గంటలు పడుతుంది. అద్దకం రోజులకూ ఉబ్బు వచ్చే రోజులకూ మధ్య ఆమె చెప్పినదాంట్లో ఏ వరసా దొరకలేదు. అద్దకం మానిన రెండు నెలల్లోనూ మళ్లీ వచ్చింది.

రెండోది వయ్యారిభామ. 1950లలో పుణె దగ్గర మొదట గుర్తించిన ఈ కలుపు ఇప్పుడు మన పొలం గట్లన్నిటి మీదా ఉంది. దాని పొడి గాలిలో ఎగిరి రెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో, గడ్డం కింద చేరుతుంది. వయసు మళ్లిన రైతుల్లో రెప్పలు మందమై వస్తే నేను మొదట అడిగేది దీన్నే. ఈమెకు మోచేతి మడతలు, గడ్డం కింద శుభ్రంగా ఉన్నాయి. అనుమానం తగ్గింది, పోలేదు.

మూడోది ట్యూబులోని నియోమైసిన్. రెప్పల మీద ఎలర్జీ తెచ్చే మందుల్లో పేరున్నదే. దీంతో వచ్చే చిక్కేమిటంటే అదే ట్యూబులోని స్టెరాయిడ్, నియోమైసిన్ తెచ్చే వాపును కప్పేస్తుంది. రాసినన్నాళ్లు నయమైనట్టుంటుంది, ఆపగానే తిరగబడుతుంది. రోగి మాత్రం మందు ఆపినందుకే జబ్బు తిరగబడిందనుకుని మళ్లీ రాస్తుంది.

నాలుగోది తలకు పెట్టేది. జుట్టు మొదళ్ల దగ్గర, చెవుల అంచున ఆ మచ్చలు చూశాక అడిగాను: "తలకు డై వేస్తారా అమ్మా?" "ఎయ్య సార్. మైదాకే పెట్టుకుంట." ఎప్పుడో ఒకసారి, పెళ్లిళ్లకూ పండుగలకూ. నేను కాగితం మీద మైదాకు అనే రాసుకున్నాను. దాని పక్కన, వచ్చేటప్పుడు ఆ పాకెట్ తెమ్మని కూడా.

మొదటి దశ: అన్నీ ఆపడం

ముందు రెప్పలకు తగిలేవన్నీ ఆపించాను: ట్యూబు, పాత చుక్కలు, ఆముదం, కాటుక, మొహానికి పసుపు, పౌడరు. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే ఎర్రదనం ఒక్కసారిగా పెరుగుతుందని ముందే చెప్పాను. లేకపోతే మూడో రోజుకు మళ్లీ మెడికల్ షాపుకే వెళ్తారు. దాని స్థానంలో టాక్రోలిమస్ 0.03 శాతం ఆయింట్‌మెంట్, రెండు పూటలా పల్చగా, రెప్ప చర్మం మీదే, కంటి లోపలికి పోకుండా. స్టెరాయిడ్ కాదు కాబట్టి ప్రెషర్ పెంచదు. మొదటి కొన్ని రోజులు మంట పెడుతుంది. ఇది చెప్పకుండా రాసిస్తే చాలామంది రెండో రోజే పారేస్తారు. ఫ్రిజ్‌లో పెట్టి, మొహం కడుక్కున్నాక తడి పూర్తిగా ఆరనిచ్చి రాస్తే మంట తక్కువ. దానితోపాటు కంటిని తడిగా ఉంచే, ప్రిజర్వేటివ్ లేని కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 శాతం చుక్కలు, కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో చల్లటి కాపడం, రాత్రి వాసన లేని పెట్రోలియం జెల్లీ. గోకకుండా నిద్ర పట్టడానికి కొన్ని రాత్రులు మత్తునిచ్చే ఎలర్జీ మాత్ర ఇచ్చాను. ఈ రకం ఎలర్జీలో ఆ మాత్ర అసలు జబ్బును పెద్దగా తగ్గించదు.

అద్దకం మాటేమిటని భర్త అడిగాడు. చిటికి ఆపొద్దు, అద్దకం ఇప్పటికి మానే ఉన్నారు కదా, అలాగే ఉండండి, సామాను మాత్రం అమ్మకండి అన్నాను.

ప్రెషర్ కొన్ని వారాల్లో 17కు దిగింది. పొట్టు పోయింది, రెప్పల మందం తగ్గింది. కారణం ఇంకా తేలలేదు. మందుకు తగ్గితే కారణం తేలిందనుకోవడం ఇలాంటి కేసుల్లో మామూలు, కానీ టాక్రోలిమస్ ఏ కాంటాక్ట్ డెర్మటైటిస్‌నైనా కొంత తగ్గిస్తుంది.

దసరా

ఎంగిలిపూల బతుకమ్మ నాటికి ఆమె రెప్పలు మామూలుగా ఉన్నాయి. దసరా పొద్దున కళ్లు తెరవలేనంత ఉబ్బు. పండుగ మర్నాడు వచ్చింది. నీళ్ల బుగ్గల్లాంటి రెప్పలు, చెవుల మీద ఎర్రదనం, మెడ వెనక దద్దుర్లు. "మందు పని చెయ్యలే" అన్నాడు భర్త. నాకు మాత్రం ఆ ఉబ్బు చూశాక దారి కనపడింది. ఇంట్లో అద్దకం లేదు, పండుగకు మగ్గం కూడా ఆగింది. ట్యూబు లేదు. అయినా వచ్చింది.

పండుగ రోజుల్లో ఏమేం తగిలాయో రోజు రోజుగా చెప్పించాను. పూలు: బంతి, చామంతి, తంగేడు, గునుగు. బంతి, చామంతి వయ్యారిభామ కుటుంబంలోవే, ఒకదానికి ఎలర్జీ ఉన్నవాళ్లకు మరొకటి పడకపోవచ్చు. గునుగుకు రంగులు అద్దింది కూడా ఆమే, ఆ రంగూ అనుమానించాల్సిందే. ఇక సద్దుల బతుకమ్మ నాటి పొద్దున తలకు మైదాకు. అది పెట్టుకున్నదానికీ ఉబ్బు లేచినదానికీ మధ్య రెండు రోజులు. ఈసారి పాకెట్ సంచిలోనే ఉంది. నల్ల మైదాకు. అట్ట వెనక సన్నటి అక్షరాల్లో పారా ఫినైలిన్ డయమిన్ అని ఉంది, పొట్టిగా పీపీడీ.

మైదాకు ఆకుతో జుట్టు ఎర్రబడుతుంది తప్ప నల్లబడదు. పాకెట్ నలుపంతా దాదాపు ఈ పీపీడీదే. తలకు పెట్టింది రెప్పల మీద ఎందుకు వస్తుందని భర్త అడిగాడు, న్యాయమైన ప్రశ్న. తల చర్మం మందం, నూనె ఎక్కువ, తట్టుకుంటుంది. కడిగినప్పుడు కారే నీళ్లు నుదుటి మీదుగా, చెవుల మీదుగా, రెప్పల మీదుగా పోతాయి. పల్చగా, వదులుగా ఉండే రెప్ప ముందు ఉబ్బుతుంది. డై ఎలర్జీతో వచ్చేవాళ్లలో తల మీద ఏమీ లేకుండా రెప్పలతోనే వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.

ప్యాచ్ టెస్ట్

ఇంత కనపడ్డాక అనుమానమున్న పదార్థాలను వీపు మీద అతికించి చూసే ఈ టెస్ట్ ఎందుకని అనిపించవచ్చు. రెండు కారణాలు. బంతిపూలు, గునుగు రంగు, వయ్యారిభామ ఇంకా తేలలేదు. రెండోది, నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది, చిటికి రబ్బరు. నల్ల రబ్బరు పగలకుండా కలిపే రసాయనాల్లో పీపీడీ బంధువులు ఉంటాయి. పీపీడీ పడనివాళ్లలో కొందరికి అవీ పడవు. అదే నిజమైతే అద్దకం కాదు, చిటికి మానాల్సి వచ్చేది. ఆ ఇంటికి అసలు పనే అది.

హైదరాబాద్‌లో తెలిసిన చర్మ వైద్యుడి దగ్గరికి పంపాను. వీపు మీద అతికించే పట్టీలు తడవకూడదు, చెమటకు ఊడకూడదు, అందుకే చలి మొదలయ్యేదాకా ఆగాం. వేసవిలో ఈ పరీక్ష మన దగ్గర చేయించడం దండగ. అతికించిన 48 గంటలకు తీసి ఒకసారి, 96 గంటలకు మరోసారి చదువుతారు. ఆ రోజులన్నీ ఎల్బీనగర్‌లో చుట్టాలింట్లో ఉంది.

పీపీడీకి గట్టిగా వచ్చింది, చిన్న నీటి పొక్కులతో సహా. నియోమైసిన్‌కు ఒక మోస్తరు. నికెల్‌కు కూడా వచ్చింది. గిల్టు కమ్మలు పెట్టుకున్నప్పుడు చెవి తమ్మెలు పుండు పడిన పాత కథ అది, రెప్పలకు సంబంధం లేదు. టెస్టులో పాజిటివ్ వచ్చిన ప్రతిదీ ఈ జబ్బుకు కారణం కాదు, దీన్ని రోగికి విడమరిచి చెప్పకపోతే ఇంట్లో సగం వస్తువులు పారేస్తారు. వయ్యారిభామ నెగటివ్. నల్ల రబ్బరు మిశ్రమం నెగటివ్. ఈ చివరి మాట ఫోన్లో వినగానే నేను ముందు ఆమె భర్తకే ఫోన్ చేశాను.

ఆమె వాడే అద్దకం రంగులు ఈ పరీక్ష డబ్బాలో ఉండవు. ఆ పొడులను అలాగే చర్మం మీద అతికించకూడదు, కాలుతుంది, లేని ఎలర్జీ కొత్తగా పుట్టవచ్చు. చర్మ వైద్యుడు ఆమె అద్ది ఉతికిన నూలు, పట్టు పోగులను తడిపి అతికించి చూశాడు. ఏమీ రాలేదు. పీపీడీతో కలిసి ఎలర్జీ తెచ్చే రంగులు ఎక్కువగా పాలిస్టర్‌కు వేసే డిస్పర్స్ రంగులు. ఈ ఇంట్లో నూలు, పట్టు తప్ప పాలిస్టర్ లేదు. గునుగుకు వేసిన రంగు ఏ రకమో మాత్రం తేలలేదు, కాబట్టి ఆ పని ఇంట్లో వేరేవాళ్లకు అప్పగించమన్నాం.

తిరిగి పనిలోకి

ఒక్కో పనినీ విడిగా మొదలుపెట్టించాం, మధ్య కొన్ని రోజులు ఆగుతూ. అలా చేస్తే ఏదైనా వస్తే దేనివల్లో తెలుస్తుంది. ముందు అద్దిన నూలు ఉతకడం, ఆరబెట్టడం. తర్వాత రంగు తొట్టి దగ్గర, నైట్రైల్ గ్లౌజులతో. రబ్బరు గ్లౌజులు వద్దన్నాను, వాటిలోని రసాయనాలు ఇంకో అనుమానానికి తావిస్తాయి. హైడ్రోస్ వేసేటప్పుడు కిటికీ తెరిచి, మొహం తొట్టి మీదికి వంచకుండా. ఏమీ రాలేదు.

అయినా చలికాలం చివర్లో ఎడమ రెప్ప మీద కొంచెం పొట్టు కనపడింది. ఆమె తలకు ఏమీ పెట్టడం లేదు. అడగ్గా అడగ్గా తేలింది: భర్త మీసాలకు, తలకు అదే పాకెట్, అది కలిపి రాసేది ఈమే, తుడుచుకునే తువ్వాల ఇద్దరికీ ఒకటే. ఆయన మొహమాటంగా నవ్వాడు. ఇప్పుడు ఆయన మంగలి షాపులో వేయించుకుని, తల బాగా కడిగించుకుని ఇంటికి వస్తున్నాడు. తువ్వాల, దిండు గలేబు వేరు. అప్పటినుంచి రెప్పలు నిలకడగా ఉన్నాయి. టాక్రోలిమస్ మెల్లగా తగ్గించి ఆపేశాం.

ఆమె తలకు ఏం పెట్టుకోవాలనే ప్రశ్న చిన్నదేమీ కాదు. తెల్లజుట్టుతో పెళ్లికి పోలేనంది. ఆకు రుబ్బిన మైదాకు పెట్టుకోవచ్చు, ఎర్రగా వస్తుంది. పీపీడీ లేదని అమ్మే కొన్ని డైలలో దానికి దగ్గరి రసాయనాలే ఉంటాయి, వాటికీ ఎలర్జీ రావచ్చు కాబట్టి పాకెట్ నాకు చూపించకుండా కొనొద్దన్నాను. ఆకు మైదాకే పెట్టుకుంటోంది. మొదట్లో ఎర్రజుట్టు అని నవ్వారట, ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదట.

ఈ కేసు తర్వాత రెప్పల పొట్టుతో వచ్చినవాళ్లను నేను డై వేస్తారా అని అడగడం లేదు. తలకు ఏం పెట్టుకుంటారు, ఇంట్లో ఎవరికి పెడతారు, ఆ పాకెట్ తెస్తారా అని అడుగుతున్నాను. రాస్తే పోయి ఆపితే వచ్చే ట్యూబు ఏదైనా సరే, చూడకుండా వదలడం లేదు, ప్రెషర్ కొలవకుండా పంపడం లేదు. పని మానమనే సలహా మాత్రం ప్యాచ్ టెస్ట్ చేయించాకే, అదీ ఏ ఒక్క పని అన్నది తేలాకే.

ఆమె ఓపీ పుస్తకం మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో పీపీడీ, నియోమైసిన్ అని రాశాను. పీపీడీ పడనివాళ్లలో కొందరికి బెంజోకైన్ లాంటి మత్తు మందులు, కొన్ని సల్ఫా మందులు కూడా పడకపోవచ్చని కింద రాసి, పన్ను తీయించుకోవడానికి వెళ్లినా ఈ పుస్తకం పట్టుకెళ్లమన్నాను. అద్దకం మళ్లీ ఇంట్లోనే చేస్తున్నారు. వచ్చే నెల ప్రెషర్ చూడటానికి రావాలి.